మక్కా మసీదు మినార్లు పొట్టిగా ఎందుకున్నాయి?

ఒకసారి మా స్కూలు పిల్లలను చార్మినార్ చూపించి, అక్కడి నుంచి మక్కా మసీదుకు తీసుకుపోయాను. ఏడో తరగతి కుర్రవాడొకడు తలెత్తి చూసి, "సర్, అక్కడి మినార్లు అంత పొడుగున్నాయి, ఇక్కడివి ఇంత పొట్టిగా ఎందుకున్నాయి?" అని ఉర్దూలో అడిగాడు. ఒక్క ముక్కలో చెప్పే జవాబు కాదది. పని ఆలస్యమైతే ఏమవుతుందో తెలియజేసే చరిత్ర అది.

చార్మినార్ 1591 నాటిది. మక్కా మసీదు పని మహమ్మద్ కుతుబ్ షా కాలంలో మొదలైంది. 1617 అని ఎక్కువమంది చెబుతారు, 1614 అనేవారూ ఉన్నారు. ఆ సుల్తాను ఇంకోవైపు సుల్తాన్ నగర్ అని కొత్త పట్నమే కట్టబోయాడు. 1626లో ఆయన పోవడంతో అది మధ్యలోనే ఆగిపోయింది. మసీదు మాత్రం ఆగలేదు, అలాగని తెమలనూ లేదు.

ఎందుకు తెమల్లేదంటే, మొదటి కారణం రాయి. అప్పట్లో గోల్కొండ వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే తన యాత్రాగ్రంథంలో ఈ సంగతి రాశాడు. పని మొదలై సుమారు యాభై ఏళ్లయినా ఇంకా ముగియలేదట. మిహ్రాబ్ కోసం ఒకే ఒక్క బండను తొలవడానికి 500, 600 మంది మనుషులకు అయిదేళ్లు పట్టిందట. దాన్ని లాగడానికి 1,400 ఎద్దులను కట్టారని అక్కడివాళ్లు ఆయనకు చెప్పారు. మనమే లెక్క వేద్దాం. 500 మంది, ఏడాదికి 300 రోజుల చొప్పున అయిదేళ్లు అంటే ఏడున్నర లక్షల కూలిదినాలు. ఒక్క రాయికే ఇంత! ఎద్దుల మేత ఖర్చు ఇందులో కలపలేదు.

రెండోది ఖజానా. 1636 ఒడంబడికతో అబ్దుల్లా కుతుబ్ షా ఏటేటా రెండు లక్షల హొన్నులు మొగలులకు కప్పంగా కట్టవలసి వచ్చింది. 1656లో షాజాదా ఔరంగజేబు గోల్కొండను ముట్టడించాడు. అలాంటి రోజుల్లో సొమ్ము కప్పానికి, సైన్యానికి పోగా మిగిలిందే మేస్త్రీలకు. ఇల్లు మొదలుపెట్టి, మధ్యలో ఆడపిల్ల పెళ్లి వచ్చిపడ్డ సంసారి అవస్థ ఎలా ఉంటుందో మనలో చాలామందికి తెలిసిందే కదా.

తానాషా 1672లో గద్దెనెక్కాడు. ఆయన హయాంలోనూ పని ముగియలేదు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత కోట పడిపోయింది. చివరికి మసీదును పూర్తి చేయించింది ఎవరనుకున్నారు? ఆ కోటను గెలిచిన ఔరంగజేబే, 1694లో. అనుకున్నంత ఎత్తు లేపకుండా మినార్లను పొట్టిగానే ముగించేశారని చెబుతారు. అప్పటికి 77 ఏళ్లు. మొదట ఉలి పట్టినవాడి మనవడు కూడా ముసలివాడై ఉంటాడు. అన్నట్టు, 2017లో మొదలుపెట్టిన మరమ్మతులు కూడా గడువు దాటి ఏళ్ల తరబడి సాగాయి.

ఇదంతా విన్న ఆ కుర్రవాడు, "మరి తానాషా ఇక్కడ నమాజు చేశాడా సర్?" అన్నాడు. మసీదు పూర్తయిన ఏడాది తానాషా దౌలతాబాదు కోటలో ఖైదీగా ఉన్నాడు. మళ్లీ హైదరాబాదు చూడలేదు.