వీడియో గేమ్ కూడా చారిత్రక ఆధారమే: స్పేస్ ఇన్వేడర్స్ నుంచి గన్నవరం దాకా

పరిచయం

చరిత్రకు ఆధారాలు ఏమిటని అడిగితే మీరు శాసనాలు, నాణేలు, ప్రభుత్వ దస్తావేజులు, యాత్రికుల రచనలు అని చెబుతారు. ఇరవయ్యో శతాబ్దం చివరి భాగానికి వచ్చేసరికి ఈ పట్టికలో కొత్తవి చేరతాయి. వాటిలో వీడియో గేమ్ ఒకటి. ఈ పాఠంలో స్పేస్ ఇన్వేడర్స్ అనే ఆటను చారిత్రక ఆధారంగా ఎలా చదవాలో పరిశీలిద్దాం. తరువాత అదే పద్ధతిని గన్నవరానికి అన్వయిద్దాం.

నేపథ్యం

అంతరిక్ష యుద్ధాన్ని కంప్యూటర్ తెరపైకి తెచ్చిన తొలి ప్రసిద్ధ ఆట స్పేస్‌వార్. 1962లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో స్టీవ్ రస్సెల్, ఆయన మిత్రులు దీనిని పీడీపీ-1 కంప్యూటర్‌పై రూపొందించారు. అంతకు ముందు ఏడాదే గగారిన్ అంతరిక్షంలోకి వెళ్లి వచ్చాడు. అయితే ఇది ప్రయోగశాలల ఆట. సామాన్యులకు అందలేదు.

1978లో జపాన్‌లోని టైటో సంస్థ స్పేస్ ఇన్వేడర్స్‌ను విడుదల చేసింది. దీని రూపకర్త తొమోహిరో నిషికాడో. నాణెం వేసి ఆడే ఈ ఆటలో 5 వరుసల్లో, వరుసకు 11 చొప్పున మొత్తం 55 గ్రహాంతర జీవులు ఉంటాయి. అవి పక్కకు జరుగుతూ, తెర అంచుకు చేరినప్పుడల్లా ఒక మెట్టు కిందికి దిగుతాయి. ఆటగాడు నాలుగు రక్షణ గోడల చాటు నుంచి ఒకే ఒక్క ఫిరంగితో వాటిని కాల్చాలి.

ఆటను చదివే పద్ధతి

మొదట యంత్రాన్ని చూడండి. ఇంటెల్ 8080 ప్రాసెసర్ 55 బొమ్మలను ఒకేసారి కదిలించలేకపోయింది. అందుకని ఒక్కో విడతకు ఒక్క బొమ్మే కదిలేది. బొమ్మలు తగ్గేకొద్దీ మిగిలిన వాటి వంతు త్వరగా వచ్చి, వేగం పెరిగేది. నిషికాడో దీనిని లోపంగా చూడకుండా ఆటలో భాగంగా ఉంచేశారు. ఆటగాడిని కంగారు పెట్టే ఆ వేగం యంత్రం పరిమితి నుంచి పుట్టింది.

తరువాత నాటి సమాజాన్ని చూడండి. నిషికాడో మొదట మనుషుల బొమ్మలతో ప్రయత్నించారు. మనుషులను కాల్చే ఆట వద్దని సంస్థ పెద్దలు అభ్యంతరం చెప్పారు. అప్పుడు ఆయన దృష్టి గ్రహాంతర జీవులపైకి మళ్లింది. హెచ్.జి.వెల్స్ 1898 నాటి నవల 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్'లోని ఆక్టోపస్ వంటి జీవులు ఆయనకు నమూనా అయ్యాయి. అంటే ఈ ఆట కేవలం ఒక వ్యక్తి ఊహ కాదు. యంత్రం, సంస్థ నిర్ణయం, పాత సాహిత్యం కలిసి దానికి రూపం ఇచ్చాయి.

చివరగా, వినికిడిని పరీక్షించండి. ఈ ఆట వల్ల జపాన్‌లో 100 యెన్ల నాణేలకు కొరత ఏర్పడిందని చాలా పుస్తకాలు రాశాయి. కానీ 1978, 1979లలో ముద్రించిన 100 యెన్ల నాణేలు 1977 కంటే తక్కువ. నిజంగా కొరత వచ్చి ఉంటే ముద్రణ పెరిగి ఉండాలి. పదిమంది రాసినంత మాత్రాన ఒక మాట ఆధారం కాదని గుర్తుంచుకోండి.

గన్నవరానికి అన్వయం

1983లో జపాన్‌లో నింటెండో సంస్థ ఫ్యామికామ్ అనే ఇంటి ఆట యంత్రాన్ని విడుదల చేసింది. దానికి అనుకరణలుగా తయారైన యంత్రాలు 1990లలో మన ఊళ్లకు చేరాయి. వాటిని టీవీకి తగిలించి, గెలాక్సియన్, గెలాగా వంటి అంతరిక్ష ఆటలు ఉన్న 'క్యాసెట్లు' పెట్టి ఆడేవారు. క్యాసెట్ మీద వేల ఆటలని రాసి ఉన్నా, లోపల కొన్ని ఆటలే మళ్లీ మళ్లీ వచ్చేవి. అట్ట మీది అంకె కూడా పరీక్షించవలసిన ఆధారమే.

ఇక్కడే మీ అవసరం ఉంది. బెజవాడలోని యుద్ధమల్లుని శాసనం రాతిపై ఉంది కనుక వెయ్యేళ్ల తరువాత కూడా చదవగలుగుతున్నాం. గంటకు ఇంతని అద్దె తీసుకుని ఆటలు ఆడించిన చిన్న దుకాణాల లెక్కలను ఎవరు దాచారు? ఎక్కువ భాగం జ్ఞాపకాల్లోనే మిగిలింది. ఆ దుకాణదారులు, అక్కడ ఆడిన పిల్లలు ఇంకా మన మధ్యనే ఉన్నారు. వారితో పాటే ఈ చరిత్ర కూడా పోకముందే దానిని రాసిపెట్టాలి. అందుకు విశ్వవిద్యాలయ ఆచార్యుడి కంటే ఆ వీధిలో పెరిగిన మీరే తగినవారు.

సారాంశం

ఆటను చదివేటప్పుడు యంత్రం, సమాజం, వినికిడి అనే మూడింటినీ విడివిడిగా పరిశీలించాలి. రాతపూర్వక ఆధారం లేనిచోట మౌఖిక సాక్ష్యాన్ని సేకరించి, ఒకరి మాటను మరొకరి మాటతో సరిచూడాలి.

అభ్యాసం

గన్నవరంలో గాని, మీ ఊరిలో గాని 1990లలో వీడియో గేమ్ ఆడిన ఇద్దరిని విడివిడిగా కలవండి. దుకాణం ఎక్కడ ఉండేది, అద్దె ఎంత, ఏ ఆటలు ఆడేవారు, ఆడపిల్లలు వచ్చేవారా, దుకాణం ఎందుకు మూతపడింది అని అడగండి. ఇద్దరి మాటలు ఎక్కడ కలిశాయో, ఎక్కడ వేరుపడ్డాయో రెండు పుటల్లో రాయండి.