నెలసరి లెక్క ఎవరి చేతిలో

ఏ తెలుగు పంచాంగం తిరగేసినా వర్జ్యాలు, బల్లిపాటు ఫలితాల మధ్య ఇంకో పట్టిక కనిపిస్తుంది. ఆడపిల్ల మొదటిసారి రజస్వల అయిన తిథి, వారం, నక్షత్రాలకు ఫలితాలు అందులో రాసి ఉంటాయి. ఫలానా తిథి అయితే సౌభాగ్యం, ఫలానా నక్షత్రమైతే శాంతి చేయించాలి. పన్నెండేళ్ల పిల్ల పొత్తికడుపు పట్టుకుని మూల కూర్చుంటే, వేడినీళ్ల కాపడం కంటే ముందు పంచాంగం బయటికొచ్చే ఇళ్లు నిన్నమొన్నటి దాకా చాలానే ఉండేవి. ఆ పట్టిక వెనక రెండువేల ఏళ్లకు పైబడిన ఆలోచన ఉంది. దాని వెంట నడుస్తూ పోతే నాకు ఒకటే సందేహం తగులుతూ వచ్చింది. నెలసరి రోజుల్లో ఇన్ని జాగ్రత్తలు చెప్పారు సరే, అవి ఎవరి బాగు కోసం?

చంద్రుడు ఈ కథలోకి రావడానికి కారణం లెక్కే. అమావాస్య నుంచి అమావాస్యకు 29.53 రోజులు. ఆడవాళ్ల నెలసరి కూడా కాస్త అటూ ఇటూగా అంతే. ఈ పోలిక మనిషికి ఎప్పుడు తట్టిందో చెప్పడం కష్టం. ఫ్రాన్స్‌లోని లోసెల్ దగ్గర 1911లో దాదాపు 25 వేల ఏళ్ల నాటి రాతి శిల్పం ఒకటి బయటపడింది. అందులోని స్త్రీ చేతిలో కొమ్ము, ఆ కొమ్ము మీద 13 గీతలు ఉన్నాయి. ఏడాదికి 13 చాంద్రమాసాలు, 13 నెలసరులు అని కొందరు పండితులు అర్థం చెప్పారు. చెక్కినవాళ్లను అడిగే వీలు లేదు కాబట్టి అర్థాలకేం కొదవ!

రాతలోకి వచ్చాక కథ స్పష్టపడుతుంది. క్షీణచంద్రుడి రోజుల్లో స్త్రీలకు నెలసరి రావడం సహజమని అరిస్టాటిల్ రాశాడు. ఆ రోజులు చల్లగా, తడిగా ఉంటాయి కనుక శరీరంలోనూ అదే జరుగుతుందని ఆయన తర్కం. ఎంతమందిని అడిగి చూశాడో ఆ తర్కంలో కనిపించదు. క్రీ.శ. 2వ శతాబ్దం నాటి వైద్యుడు సొరానస్ దీన్ని ఒప్పుకోలేదు. స్త్రీలందరికీ ఒకేసారి రాదు, చంద్రుడు తగ్గినప్పుడే రావాలనీ లేదు, ఎవరి సమయం వారిదే అన్నాడు. రోగుల మధ్య తిరిగినవాడి మాటలా ఉంది ఇది. పదమూడో ఏట నుంచి ఆడపిల్లను మొదటి నెలసరికి సిద్ధం చేయమనీ ఆయన చెప్పాడు. మెల్లగా నడక, ఒంటికి నూనె మర్దన, రోజూ స్నానం, మనసుకు కాలక్షేపం కావాలన్నాడు. ఆ పిల్ల సుఖంగా ఉండాలన్నదే ఆ జాబితా వెనక ఉద్దేశం.

మన దగ్గరి జాబితాలు వేరు. తెలుగునాట వేదాధ్యయనం చేసే కుటుంబాల్లో ఎక్కువమందిది కృష్ణయజుర్వేదం. ఆ వేదానికి చెందిన తైత్తిరీయ సంహితలోనే ఇంద్రుడి బ్రహ్మహత్యా పాపంలో మూడోవంతు స్త్రీలు పంచుకున్న కథ ఉంది. ఆ కథ వెంటే ముట్టయిన స్త్రీ స్నానం చేయకూడదు, తల దువ్వుకోకూడదు, కాటుక పెట్టుకోకూడదు అనే నిషేధాలు వస్తాయి. ఆయుర్వేదం వీటినే వైద్యం భాషలో చెప్పింది. సుశ్రుతుడి శారీరస్థానం ప్రకారం ఆ మూడు రోజులూ దర్భల మీద పడుకోవాలి, తేలికైన హవిష్యాన్నం తినాలి, పరుగులు, పెద్దగా మాట్లాడటం, నవ్వు, ఏడుపు మానాలి. కారణాలు కూడా ఇచ్చాడు. పగలు నిద్రపోతే పుట్టే బిడ్డ నిద్రమత్తువాడవుతాడు, కాటుక పెట్టుకుంటే గుడ్డివాడు, గోళ్లు తీసుకుంటే గోళ్ల జబ్బువాడు. ప్రతి వాక్యం చివరా రాబోయే బిడ్డే. నడుం నొప్పితో పడుకున్న మనిషి ఆ వాక్యాల్లో లేదు. అంతమాత్రాన అదంతా వ్యర్థమని అనను. ఆ మూడు రోజుల్లో పొయ్యి దగ్గర నిలబడే పని లేకపోవడం చాలామంది ఇల్లాళ్లకు దొరికిన ఏకైక సెలవు. అయితే అదైనా పెరట్లో వేరే గది, వండిపెట్టే ఇంకో ఆడమనిషి ఉన్న ఇంట్లోనే. నాట్లకూ కలుపుకూ కూలికెళ్లే మనిషికి దర్భశయ్య ఎక్కడిది?

ఆకాశాన్ని పూర్తిగా కిందికి దించింది 6వ శతాబ్దపు వరాహమిహిరుడు. నెలనెలా వచ్చే ఋతువుకు చంద్రుడు, కుజుడు కారణమని బృహజ్జాతకంలో చెప్పాడు. చంద్రుడు నీరు, కుజుడు నిప్పు, ఇద్దరూ కలిస్తే రక్తమని వ్యాఖ్యాతలు విడమరిచారు. ఈ వాదానికి అప్పట్లో ఋజువు అవసరం పడలేదు. పంచాంగంలోని రజస్వలా ఫలితాలు ఈ ఆలోచనా వంశంలోవే.

పుస్తకం పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్తే ఇంకో సంప్రదాయం కనిపిస్తుంది. దాన్ని రాసినవాళ్లెవరూ లేరు. పిల్ల సమర్తాడితే ముత్తయిదువులు వచ్చి హారతి పాడతారు. నువ్వులూ బెల్లం రోట్లో దంచిన చిమ్మిలి, మినప సున్నుండలు, ఎండుకొబ్బరి పెడతారు. ఇందులో తిథి లేదు, పాపం లేదు, ఆ పిల్ల ఒంటికి బలం కావాలన్న ఇంగితం ఉంది. నువ్వుల్లో ఇనుము, సున్నం ఉన్నాయని ప్రయోగశాలలు తర్వాత చెప్పాయి. విచారమేమిటంటే చిమ్మిలి ముద్ద ఆ వేడుకతోనే ఆగిపోతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల భారతీయ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఇలాంటి వేడుకే పొరుగున ఒడిశాలోనూ ఉంది: భూమికే నెలసరి వచ్చిందని రజ పండుగ చేస్తారు. మూడు రోజులు నాగలి కదలదు, ఆడపిల్లలు ఇంటిపని మాని ఉయ్యాలలూగుతారు. దాని లెక్క చంద్రుడిది కాదు, సూర్యుడు మిథునరాశిలో అడుగుపెట్టే రోజుది.

19వ శతాబ్దంలో సైన్సు వచ్చాక చంద్రుడు తప్పుకున్నాడనుకుంటే పొరపాటు. శరీరంలోని నెలవారీ లయలు సముద్రపు ఆటుపోట్ల మధ్య బతికిన పూర్వజీవుల నుంచి సంక్రమించి ఉండొచ్చని డార్విన్ 1871లో ఊహించాడు. తర్వాతి కాలంలో నోబెల్ అందుకున్న స్వీడన్ రసాయన శాస్త్రవేత్త అర్రేనియస్ 1898లో నెలసరి తేదీలను చంద్రగమనంతో పోల్చి సంబంధం ఉందన్నాడు. ఇంకోపక్క అండం ఎప్పుడు విడుదలవుతుందో 1920ల దాకా సరిగా తెలియదు. జపాన్‌లో ఒగినో 1924లో, ఆస్ట్రియాలో క్నౌస్ 1928లో ఆ ముడి విప్పారు. అండం విడుదల తర్వాతి నెలసరికి సుమారు రెండు వారాల ముందు జరుగుతుంది. ఈ ఒక్క సంగతితో లెక్క ఆకాశం నుంచి అండాశయానికి దిగింది.

అయితే 28 అనే అంకెకు పీట వేసింది చంద్రుడు కాదు, మాత్రల పట్టీ. 1960లో అమెరికాలో అనుమతి పొందిన గర్భనిరోధక మాత్రను మూడు వారాలు వేసుకుని వారం ఆపేలా రూపొందించారు. ఆ ఆపిన వారంలో కనబడేది అసలు నెలసరి కాదు, మాత్ర ఆగినందువల్ల వచ్చే స్రావం. మామూలు నెలసరిలా కనిపిస్తే స్త్రీలు నిశ్చింతగా ఉంటారన్నది తయారుచేసినవాళ్ల ఆలోచన. ఫ్యాక్టరీలో అచ్చయిన ఆ పట్టీ చూసి, 26 రోజులకో 33 రోజులకో నెలసరి వచ్చే అమ్మాయిలు తమలో ఏదో లోపం ఉందనుకున్నారు.

ఆ కాలంలోనే చంద్రుణ్ణి మళ్లీ పడకగదిలోకి పిలిచినవాళ్లున్నారు. ఎడ్మండ్ డీవన్ 1967లో, నెలలో కొన్ని రాత్రులు దీపం వెలిగించి పడుకుంటే చక్రం క్రమబద్ధమవుతుందని రాశాడు. దాన్ని అందుకుని లూయిస్ లేసీ 1975లో ‘లూనాసెప్షన్’ పుస్తకం తెచ్చింది. పున్నమికి అండం, అమావాస్యకు నెలసరి అన్న నేటి ప్రచారానికి ఒక వేరు అక్కడుంది.

మరి లెక్కలేమంటున్నాయి? 1986లో చైనాలో 826 మంది యువతులను పరిశీలిస్తే 28.3 శాతం మందికి అమావాస్య దరిదాపుల్లో వచ్చింది. ముచ్చటైన ఫలితమే కానీ నిలబడలేదు. 2019లో నెలసరి తేదీలు లెక్కపెట్టే క్లూ యాప్ సంస్థ 75 లక్షల చక్రాలు వడకడితే చంద్రకళలతో పొంతన కనిపించలేదు. అదే ఏడాది ఇంకో అధ్యయనం 1.24 లక్షల మంది స్త్రీల 6.12 లక్షల చక్రాలు చూసింది. సగటు 29.3 రోజులు, సరిగ్గా 28 రోజులున్నవి 13 శాతమే. సగటు చాంద్రమాసానికి ఎంత దగ్గరో చూడండి! కానీ ఒకే వేగంతో నడిచే రెండు బస్సులు ఒకే వేళకు బయల్దేరాలని లేదు. పైగా అదే చంద్రుడి కింద బతికే చింపాంజీ చక్రం దాదాపు 36 రోజులు.

కథ అక్కడితో ముగిస్తే హాయిగా ఉండేది. జర్మనీలోని వుర్జ్‌బర్గ్ పరిశోధకులు 2021లో 22 మంది స్త్రీలు ఏళ్ల తరబడి, కొందరైతే 32 ఏళ్ల దాకా, రాసుకున్న తేదీలను తీసి చూశారు. కొందరి చక్రాలు కొంతకాలం చంద్రుడితో కలిసి నడిచి విడిపోయాయి. వయసు పెరిగేకొద్దీ, రాత్రి దీపాల వెలుగు ఎక్కువయ్యేకొద్దీ ఆ జోడి సడలింది. 2025లో ఇంకా ఎక్కువమంది రికార్డులు చూసి, ఎల్‌ఈడీ దీపాలూ ఫోన్లూ వ్యాపించిన 2010 తర్వాత అది బాగా తగ్గిందన్నారు. 22 మందిని చూసి లోకానికి సూత్రం కట్టలేం. కానీ తలుపు పూర్తిగా మూయలేకపోవడానికి నాకు ఈ పని ఒక్కటే కారణంగా కనిపిస్తుంది.

ఇప్పుడు స్వీయసంరక్షణ పేరుతో నడుస్తున్నది చాలావరకు ఈ తేలని భాగం మీద కట్టిన వ్యాపారం. మొదటి పక్షంలో అవిసె, గుమ్మడి గింజలు, రెండో పక్షంలో నువ్వులు, పొద్దుతిరుగుడు గింజలు తినమంటారు. గింజలు మంచివే. పక్షం చూసి తినాలనడానికి మాత్రం గట్టి ఆధారం లేదు. ఫలానా వారంలో మీటింగులు, ఫలానా వారంలో ఒంటరి పని అని క్యాలెండర్ వేసేవాళ్లనూ చూస్తున్నాం. సుశ్రుతుడి జాబితా బిడ్డ కోసమైతే, ఈ జాబితా ఆఫీసు ఉత్పత్తి కోసం. నెలసరి నొప్పికి కారణం గర్భాశయ పొరలో పుట్టే ప్రోస్టాగ్లాండిన్లు. ఆ నొప్పికి పనికొచ్చేవి వేడి కాపడం, డాక్టరు చెప్పిన నొప్పి మాత్ర. పెద్దవాళ్లలో 24 నుంచి 38 రోజుల మధ్య వచ్చేదంతా మామూలేనని అంతర్జాతీయ స్త్రీవైద్య సమాఖ్య లెక్క. అంతకు మించి అటూ ఇటూ అయినా, ఎనిమిది రోజులు దాటి స్రావం ఆగకపోయినా చూపించుకోవాలి.

ఇక తేదీలు ఎక్కడ రాసుకోవాలన్నది కొత్త చిక్కు. 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావానికున్న రాజ్యాంగ రక్షణను తీసేయగానే, తమ తేదీలే తమ మీద సాక్ష్యమవుతాయన్న భయంతో అక్కడ ఎంతోమంది ఫోన్లలోంచి నెలసరి యాప్‌లు తొలగించారు. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మన అమ్మాయిలకూ ఆ భయం వేరు కాదు. కాగితం మీద రాసుకోవడమే మేలన్న సలహాలు వచ్చాయి. మన ఇళ్లలో గోడ క్యాలెండర్ మీద పాల లెక్కకూ గ్యాసు బండ తేదీకీ మధ్య, మగవాళ్లు పట్టించుకోని చిన్న పెన్సిల్ చుక్క ఒకటి ఎప్పటి నుంచో ఉంది. ఆసుపత్రికి వెళ్తే డాక్టరమ్మ మొదట అడిగేది ఆ తేదీనే.