గట్టు మట్టికి నీటి పరీక్ష

కృష్ణానగరులో పెద్ద వాన కురిసినపుడు వీధుల వెంట పరుగిడు నీరు అమీరుపేట పల్లమును దాటి హుస్సేన్‌సాగర్‌లో పడును. సాగరము నిండి పొర్లినచో అది మూసీని చేరును. ఆ నీటి బురద రంగు నీటిది కాదు, దారిలో ఎక్కడనో తెగిన మట్టిది. ఏ మట్టి ఎంత సులభముగా తెగును? వినుటకు ఇది చిన్న ప్రశ్న. అంకెలలో సమాధానము చెప్పుటకు మాత్రము ఇంజనీర్లకు నూరేండ్లకు పైగా పట్టినది.

1908 సెప్టెంబరు 28న ఈ ప్రశ్న నగరమును ఘోరముగా పలుకరించెను. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళముల వాన కురిసినది. మూసీ పరీవాహక ప్రాంతమున నున్న 788 చెరువులలో 221 చెరువులకు గండ్లు పడెను. ఒక చెరువు గట్టుపై నీరు పొర్లి మట్టిని కోసినచో, ఆ నీరంతయు క్రింది చెరువుపై బడును. అదియు తెగి మరియొకదానిపై బడును. తరతరములుగా రైతులకు అన్నము పెట్టిన గొలుసుకట్టు చెరువులే ఆనాడు వరదకు బలము నిచ్చెను. సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి 150 మంది బ్రతికిరని నగరవాసులు ఇప్పటికిని చెప్పుకొందురు. 1909లో వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య వరదను ఎగువనే పట్టి నిలుపు జలాశయములను సూచించెను. ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. అది వరదను అణచు ఉపాయము. మట్టిని కొలుచు ఉపాయము కాదు.

మన దేశమున ఆ కొలత కాలువలలో మొదలైనది. కాలువ నీరు మెల్లగా పారినచో ఒండ్రు మేట వేయును. వేగముగా పారినచో అడుగును, గట్లను కోయును. మేటవేసినచో చివరి రైతు పొలమునకు నీరందదు; గట్టు తెగినచో మొదటి రైతు పొలము మునుగును. ఈ రెండును లేని నడిమి వేగ మొకటి ఉండవలెనని ఆర్. జి. కెన్నెడీ అను ఇంజనీరు తలచెను. పంజాబులోని ఎగువ బారీ దోయాబు కాలువలలో చాలకాలముగా స్థిరముగా నున్న చోట్ల నెన్నుకొని కొలిచి, 1895లో ఒక సూత్రమును ప్రకటించెను. నీటి లోతును అడుగులలో తీసికొని, 0.64 ఘాతమునకు హెచ్చించి, 0.84చే గుణించినచో ఆ వేగము సెకనుకు అడుగులలో వచ్చును. ఆరడుగుల లోతునకు అది 2.64 అడుగులు.

ఆంధ్ర దేశమునకు ఆ లెక్క సరిపడలేదు. గోదావరి డెల్టా కాలువలకు గుణకము 0.67, ఘాతము 0.55 అనియు, కృష్ణా పశ్చిమ డెల్టాకు 0.93, 0.52 అనియు తేలినవి. అదే ఆరడుగుల లోతునకు కృష్ణా పశ్చిమ డెల్టాలో వేగము 2.36 అడుగులు, గోదావరిలో 1.8 అడుగులు మాత్రమే. ఒండ్రు ఎంత సన్ననిదైన అంత తక్కువ వేగము చాలును. పంజాబు కాలువకు క్షేమమైన వేగము గోదావరి కాలువను కోయగలదన్నమాట. పాఠ్యపుస్తకములు మాత్రము పంజాబు అంకెనే ముందు చెప్పును! 1847–1852 నడుమ ధవళేశ్వరము ఆనకట్టను కట్టించిన కాటన్ దొరకు ఈ అంకెలేవియు లేవు.

అయినను వేగ మొక్కటే చాలదు. నీరు అడుగును ఈడ్చు బలమును లెక్కించు మార్గమును 1879లో ఫ్రాన్సున డ్యుబాయ్ చూపెను. ఆ బల మెంతైన ఇసుక రేణువు కదలునో 1936లో బెర్లినులో షీల్డ్స్ నిర్ణయించెను. కాని ఇసుక తన బరువుతో నిలుచును. బంకమట్టి అంటుకొని నిలుచును. ఎండిన నల్లరేగడి రాయివలె నుండి బీటలు వారును, తడిసినచో ఉబ్బి మెత్తబడును. ఒకే మట్టికి రెండు స్వభావములు!

ఈ చిక్కును విప్పుటకు 1959లో అమెరికాలో డన్ అను నతడు బంకమట్టిపై నీటి ధారను కొట్టి చూచెను. 1990 ప్రాంతమున ఓక్లహోమాలోని స్టిల్‌వాటరులో హాన్సన్ ఆ పద్ధతిని వాగు గట్టునకే తీసికొనిపోదగిన పరికరముగ మలచెను. పావు అంగుళపు రంధ్రమునుండి వెలువడు ధార మట్టిలో గుంత చేయును. గుంత లోతైనకొలది ధార బలము తగ్గును. కోత ఆగిన లోతును బట్టి మట్టి ఓర్వగల బలము, కోసిన త్వరను బట్టి అది తెగు తీరు తెలియును. 2001లో హాన్సన్, సైమన్ అమెరికా మధ్య పశ్చిమ వాగుల అడుగులను పరీక్షింపగా, ఓర్వగల బలములో పది లక్షల రెట్లు తేడా కనబడినది.

ఇంత పరికరము లేకయు కొంత తెలిసికొనవచ్చును. 1967లో ఎమర్సన్ చెప్పిన పరీక్షకు గ్లాసు చాలును. చెరువు గట్టు మట్టి పెల్లను ఆరబెట్టి, నీటిలో మెల్లగా వేసి కదల్పకుండ ఉంచవలెను. కొన్ని పెల్లలు విరిగి కూలినను నీరు తేటగనే యుండును. కొన్నింటి చుట్టు పాలవంటి మబ్బు క్రమ్మును. ఈ రెండవ జాతి మట్టితో కట్టిన గట్టున సన్నని బీట పడినను, నీరు దానిని లోపలినుండియే తినివేయును. పరీక్షకు వాననీరు తీసికొనుట మేలు. బోరు నీటిలోని లవణములు ఆ మబ్బును అణచివేయవచ్చును.