పిల్లి తిరిగే ఇంట్లో ఏ మొక్క పెంచాలి? వాడుక పేర్లను నమ్మితే ప్రమాదమే

బొకేలో వచ్చిన లిల్లీ నుంచి పుప్పొడి రాలి పిల్లి ఒంటిపై పడిందనుకుందాం. ఆ పిల్లి అలవాటు ప్రకారం బొచ్చును నాకి శుభ్రం చేసుకుంటుంది. ఆ క్రమంలోనే విషం లోపలికి చేరుతుంది. సకాలంలో చికిత్స అందకపోతే ఒకటి నుంచి మూడు రోజుల్లో మూత్రపిండాలు దెబ్బతిని ప్రాణం పోవచ్చు. అదే పిల్లి కిటికీ దగ్గర వేలాడే స్పైడర్ ప్లాంట్ ఆకులను కొరికితే మహా అయితే ఒకసారి వాంతి చేసుకుంటుంది. రెండూ ఇంటి అందం కోసం తెచ్చుకున్నవే. వాటి మధ్య తేడా మాత్రం ప్రాణాలకు సంబంధించినది.

బయటికి వెళ్లే వీలులేని పిల్లికి అందుబాటులో ఉండే పచ్చదనం కుండీలోని మొక్క ఒక్కటే. అందువల్ల ఇంట్లోకి ఏ మొక్క వస్తున్నదో తెలుసుకోవడం పెంపకందారుల బాధ్యత. ఇక్కడే ఒక చిక్కు ఉంది. నర్సరీల్లోనూ పూల దుకాణాల్లోనూ వినిపించే వాడుక పేర్లు మొక్క అసలు జాతిని చాలా సందర్భాల్లో చెప్పవు. కొన్నిసార్లు పూర్తిగా తప్పుదారి పట్టిస్తాయి.

పిల్లులకే ఎందుకింత ముప్పు?

పిల్లి ప్రధానంగా మాంసాహారి. అయినా గడ్డి, ఆకులు కొరకడం దాని సహజ ప్రవర్తనలో భాగమే. అది అనారోగ్యానికి సూచన కానక్కరలేదు. అయితే కొన్ని రసాయనాలను విరిచి శరీరం నుంచి పంపించే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ. మనుషుల్లో ఆ పని చేసే ఒక ముఖ్యమైన ఎంజైమ్‌కు సంబంధించిన జన్యువు పిల్లుల్లో పనిచేయదు. మనిషికి జ్వరం తగ్గించే పారాసిటమాల్ మాత్ర ఒక్కటే పిల్లి ప్రాణం తీయగలగడానికి కారణమిదే. శరీర పరిమాణం చిన్నది కావడంతో కొద్దిపాటి విషం కూడా ఎక్కువ ప్రభావం చూపుతుంది.

తినకూడనిదేదో జంతువులకే తెలుస్తుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. దానికి ఆధారం లేదు. తెలుగు ఊళ్లలో పెరటి గోడల వెంట మొలిచే కుప్పింటాకు మొక్క వేరు పిల్లులను విపరీతంగా ఆకర్షిస్తుంది. ఆ మొక్కలోనే సయనైడ్‌ను విడుదల చేయగల పదార్థం ఉంది. ఇష్టంగా దగ్గరకు వెళ్లినంత మాత్రాన ఆ మొక్క క్షేమకరమైనదని అనుకోరాదు.

అన్నింటికంటే ప్రమాదకరం లిల్లీ

లిలియం ప్రజాతికి చెందిన అసలైన లిల్లీలు, హెమెరోకాలిస్ ప్రజాతికి చెందిన డే లిల్లీలు పిల్లులకు ప్రాణాంతకం. ఆకు, కాండం, రేకు, దుంప, పుప్పొడి అన్నీ విషపూరితమే. పూలు ఉంచిన కూజాలోని నీరు తాగినా ప్రమాదమే. కుక్కల్లో ఇవే మొక్కలు సాధారణంగా కడుపు నొప్పి, వాంతులతో సరిపెడతాయి. పిల్లుల్లో మాత్రం నేరుగా మూత్రపిండాలపై దెబ్బ తీస్తాయి. ఇందుకు కారణమైన విషపదార్థం ఏదో శాస్త్రవేత్తలు ఇంతవరకు నిర్ధారించలేదు. దానికి విరుగుడు మందు కూడా లేదు.

తొలి 12 గంటల్లో వాంతులు, చొంగ కారడం, నీరసం కనిపిస్తాయి. ఆ తరువాత పిల్లి కొంత కోలుకున్నట్లు అనిపించవచ్చు. ఆ సమయంలోనే మూత్రపిండాలు దెబ్బతింటూ ఉంటాయి. 24 నుంచి 72 గంటల మధ్య అవి పూర్తిగా విఫలమయ్యే అవకాశం ఉంది. సుమారు 18 గంటలలోపు సెలైన్ చికిత్స మొదలైతే బతికే అవకాశాలు మెరుగ్గా ఉంటాయి. ఆలస్యమైన కొద్దీ అవి తగ్గిపోతాయి. లక్షణాలు కనిపించేదాకా వేచి చూడరాదని పశువైద్యులు చెప్పేది అందుకే.

పేరు ఒకటి, మొక్క మరొకటి

తెలుగు రాష్ట్రాల పూల మార్కెట్లలో లిల్లీ అంటే చాలామందికి గుర్తొచ్చేది దండల్లో గుచ్చే తెల్లని సువాసన పూవు. అది నేల సంపెంగ. అసలు లిల్లీలతో దానికి సంబంధం లేదు. పిల్లులకు విషపూరితం కాని మొక్కల జాబితాలో దానికి చోటుంది. బొకేల్లో పెద్ద రేకులతో వచ్చే ఓరియంటల్, ఏషియాటిక్, స్టార్‌గేజర్ రకాలు మాత్రం అసలైన లిల్లీలే. ‘లిల్లీ పూలతో ఎప్పుడూ ఏమీ కాలేదు’ అన్న అనుభవం నేల సంపెంగకు సంబంధించినదైతే, అది స్టార్‌గేజర్ విషయంలో పనికిరాదు.

ఇటువంటి పొరపాట్లకు తావిచ్చే పేర్లు ఇంకా ఉన్నాయి.

పీస్ లిల్లీ: ఇది లిల్లీ కాదు, చేమ కుటుంబపు మొక్క. నోటిని మండిస్తుంది గానీ మూత్రపిండాలను దెబ్బతీయదు.

గ్లోరీ లిల్లీ: తమిళనాడు రాష్ట్ర పుష్పమైన అడవినాభి ఇదే. లిలియం ప్రజాతికి చెందకపోయినా కాల్చిసిన్ అనే తీవ్రమైన విషం ఇందులో ఉంది.

సాగో పామ్: పేరులో పామ్ ఉన్నా ఇది తాటి, కొబ్బరి కుటుంబానికి చెందినది కాదు. సైకస్ రెవల్యూటా అనే ఈ మొక్క కాలేయాన్ని ధ్వంసం చేస్తుంది. గింజల్లో విషం మరింత ఎక్కువ. అరెకా పామ్ మాత్రం అసలైన పామ్, పిల్లులకు క్షేమకరం.

లక్కీ బ్యాంబూ: వెదురు కాదు, డ్రసీనా. దీనిని తిన్న పిల్లుల్లో వాంతులు, చొంగ, కనుపాపలు విప్పారడం కనిపిస్తాయి.

ఆస్పరాగస్ ఫెర్న్: నిజమైన ఫెర్న్ కాదు. దీని పండ్లు తింటే వాంతులు, విరేచనాలు అవుతాయి. బోస్టన్ ఫెర్న్‌తో ఆ ఇబ్బంది లేదు.

మనీ ప్లాంట్: మన ఇళ్లలో ఈ పేరుతో పెరిగే తీగ ఎపిప్రెమ్నమ్ ఆరియం. ఇది పిల్లులకు హానికరం. చైనీస్ మనీ ప్లాంట్ పేరుతో అమ్మే పైలియా పెపరోమియాయిడిస్ వేరు, అది క్షేమకరం.

రాత్రి రాణి: వాసన మల్లెను తలపించినా ఇది వంగ, ఉమ్మెత్తల కుటుంబానికి చెందిన విషపూరితమైన మొక్క. మల్లె, జాజి వంటి జాస్మినమ్ జాతులు విషపూరితం కావు.

నోటిని మండించేవి, గుండెను దెబ్బతీసేవి

హాని కలిగించే మొక్కలన్నీ ఒకే స్థాయి ప్రమాదాన్ని తీసుకురావు. కంద, చేమదుంపలు తరిగేటప్పుడు చేతులు దురద పెట్టడం వంటింటి అనుభవమే. అందుకు కారణం సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. అదే కుటుంబానికి చెందిన మనీ ప్లాంట్, డైఫెన్‌బాకియా, ఫిలోడెండ్రాన్, మాన్‌స్టెరా, ఆంథూరియం, ఆగ్లోనిమా మొక్కల్లోనూ అవే స్ఫటికాలు ఉంటాయి. ఆకు కొరికిన వెంటనే పిల్లి నోరు, నాలుక మండుతాయి. చొంగ కారుస్తూ మూతిని పంజాతో రుద్దుకుంటుంది. సాధారణంగా ఇది ప్రాణం మీదికి రాదు. గొంతు వాచి శ్వాస కష్టమైతే మాత్రం అత్యవసర పరిస్థితిగా భావించాలి.

గన్నేరు, కలాంచో మొక్కలది వేరే తీరు. వాటిలోని గ్లైకోసైడ్లు గుండె లయను దెబ్బతీస్తాయి. ఔషధ మొక్కగా పేరున్న రణపాల కూడా కలాంచో వర్గానికే చెందుతుంది. కలబంద పిల్లుల్లో వాంతులు, విరేచనాలు కలిగిస్తుంది. స్నేక్ ప్లాంట్‌లోని సపోనిన్ల ప్రభావమూ అదే. మనిషికి మేలుచేసే మూలిక పిల్లికీ మేలే చేస్తుందని భావించడం సరికాదు.

గాలి శుద్ధి మాటేమిటి?

పిల్లులకు హానికరమైన కొన్ని మొక్కలు ఇళ్లలోకి చేరడానికి గాలిని శుద్ధి చేస్తాయన్న పేరు ఒక కారణం. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1989లో వెలువరించిన అధ్యయనం ఈ ఆలోచనకు విస్తృత ప్రచారం కల్పించింది. మన దేశంలో ఢిల్లీకి చెందిన పారిశ్రామికవేత్త కమల్ మీటిల్ 2009లో చేసిన ప్రసంగంలో అరెకా పామ్, స్నేక్ ప్లాంట్, మనీ ప్లాంట్ అనే మూడింటిని సూచించారు. వాటిలో పిల్లులకు క్షేమకరమైనది అరెకా పామ్ ఒక్కటే.

నాసా ప్రయోగాలు మూసివున్న చిన్న గదుల్లో జరిగాయి. ఇటువంటి పరిశోధనలను అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో సమీక్షించారు. కిటికీల ద్వారా సహజంగా జరిగే వాయు మార్పిడికి సమానమైన ఫలితం రావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలని లెక్కగట్టారు. అంటే పిల్లి కోసం స్నేక్ ప్లాంట్‌ను, మనీ ప్లాంట్‌ను వదులుకుంటే ఇంటి గాలికి వచ్చే లోటు దాదాపు ఏమీ లేదు.

దేనికి బదులు ఏది?

మొక్కలు పూర్తిగా మానుకోవలసిన అవసరం లేదు. హానికరమైన వాటికి దాదాపు అదే అందం ఇచ్చే ప్రత్యామ్నాయాలున్నాయి. సాగో పామ్‌కు బదులు అరెకా పామ్ లేదా పార్లర్ పామ్ పెట్టుకోవచ్చు. మనీ ప్లాంట్ తీగ స్థానంలో హోయా, వేలాడే కుండీల్లో స్పైడర్ ప్లాంట్ చక్కగా కుదురుతాయి. రంగురంగుల ఆకుల కోసం డైఫెన్‌బాకియాకు బదులు కెలాథియా, మరాంటా, పెపరోమియా ఎంచుకోవచ్చు. కలబందను పోలిన రూపం కావాలంటే చిన్నపాటి హవోర్థియా ఉంది. వెలుతురు తక్కువగా ఉండే మూలలో స్నేక్ ప్లాంట్ స్థానాన్ని ఆస్పిడిస్ట్రా భర్తీ చేస్తుంది. బోస్టన్ ఫెర్న్ గాలిలో తేమను కోరుతుంది కాబట్టి పొడి వేడి ఉండే ప్రాంతాల్లో దానికి వేసవిలో అదనపు శ్రద్ధ అవసరం.

పూల కోసం ఆఫ్రికన్ వయొలెట్, ఫెలనాప్సిస్ ఆర్కిడ్ నమ్మదగినవి. బొకే తెప్పించేటప్పుడు లిల్లీ వద్దని ముందుగానే చెప్పి, గులాబీ, జెర్బెరా, ఆర్కిడ్ కోరవచ్చు. గులాబీ ముళ్లను మాత్రం తొలగించాలి. చామంతి పిల్లులకు పడదు.

క్షేమకరం అంటే ఆహారం అని కాదు. ఏ ఆకునైనా ఎక్కువగా తింటే వాంతి కావచ్చు. అందుకే పిల్లి కోసమే ఒక చిన్న తొట్టిలో గోధుమ లేదా బార్లీ మొలకలు పెంచడం మంచిది. దాని కొరికే కోరిక అక్కడ తీరుతుంది.

మొక్క మంచిదైనా కుండీలో వేసేది హాని చేయవచ్చు. ఎరువుగా వాడే ఆముదం పిండిలో రైసిన్ విషం మిగిలి ఉండే అవకాశం ఉంది. పెర్మెత్రిన్ ఉన్న పురుగుమందులు పిల్లుల నాడీ వ్యవస్థను దెబ్బతీస్తాయి. ఎత్తైన అరలో పెట్టినంత మాత్రాన హానికరమైన మొక్క పిల్లికి అందకుండా పోదు. రాలిన ఆకు, పుప్పొడి నేలకే చేరతాయి.

తిన్నదని తెలిస్తే ఏం చేయాలి?

నోటిలో మిగిలిన ముక్కలను జాగ్రత్తగా తీసివేయాలి. బొచ్చుకు పుప్పొడి అంటితే తడిగుడ్డతో తుడిచి, పిల్లి నాక్కోకుండా చూడాలి. ఉప్పునీరు, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటివి పట్టించి ఇంట్లోనే వాంతి చేయించే ప్రయత్నం ప్రమాదకరం. పాలు, నూనె పట్టించడం వల్ల లిల్లీ విషం విరగదు. మొక్క కొమ్మను గానీ స్పష్టమైన ఫొటోను గానీ తీసుకొని వెంటనే పశువైద్యుని వద్దకు వెళ్లాలి. ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది అనే వివరాలు చికిత్సకు కీలకం. దగ్గరలో క్లినిక్ లేకపోతే పశువైద్య కళాశాలల అనుబంధ ఆసుపత్రులను ఆశ్రయించవచ్చు.

కొత్త మొక్క కొనేముందు దాని శాస్త్రీయ నామం అడగాలి. కడియం వంటి కేంద్రాల నుంచి మొక్కలు దేశం నలుమూలలకూ వెళుతుంటాయి. ఊరు మారితే వాడుక పేరు మారుతుంది గానీ శాస్త్రీయ నామం మారదు. 1866లో న్యూయార్క్‌లో ఏర్పడిన జంతు సంరక్షణ సంస్థ ఏఎస్‌పీసీఏ విషపూరితమైన, విషరహితమైన మొక్కల జాబితాలను ప్రజలకు అందుబాటులో ఉంచింది. శాస్త్రీయ నామం తెలిస్తే వాటిలో సరిచూసుకోవచ్చు. ఆ పేరు అమ్మేవారికీ తెలియకపోతే, మొక్క ఏదో తేలేవరకు దానిని పిల్లి ఉన్న ఇంట్లోకి తీసుకురాకపోవడమే ఉత్తమం.