పౌరహక్కులు, ఓటుహక్కు: వ్యాసరచన పోటీలకు సిద్ధమయ్యే సరిహద్దు విద్యార్థులకు

ప్రతి సంవత్సరం జనవరి 25వ తేదీన దేశమంతటా జాతీయ ఓటర్ల దినోత్సవం జరుగుతుంది. 1950లో, గణతంత్రం అవతరించడానికి సరిగ్గా ఒకరోజు ముందు, ఎన్నికల సంఘం ఏర్పడింది. దాని స్మృత్యర్థం 2011 నుండి ఈ దినోత్సవాన్ని పాటిస్తున్నారు. ఆ రోజునా, నవంబరు 26వ తేదీ రాజ్యాంగ దినోత్సవం నాడూ పాఠశాలలలో వక్తృత్వ, వ్యాసరచన పోటీలు నిర్వహించడం పరిపాటి. 'పౌరహక్కులు - ఓటుహక్కు' అనే శీర్షిక వాటిలో తరచు కనిపిస్తుంది. హోసూరులోనో, బళ్ళారిలోనో, రాయగడలోనో, సిరొంచలోనో, యానాంలోనో ఉన్న తెలుగు విద్యార్థి ఈ అంశంపై కలం పట్టినప్పుడు అక్కరకు వచ్చే సమాచారాన్ని ఇక్కడ పొందుపరుస్తున్నాము. తల్లిదండ్రులు కూడా చదువవచ్చును. ఇందులోని చివరి భాగం పిల్లలకన్నా వారికే ఎక్కువ అవసరం.

ఇటువంటి పోటీలకు వచ్చే వ్యాసాలలో సగం అబ్రహాం లింకన్ నిర్వచనంతో మొదలవుతాయి, తక్కినవి మార్టిన్ లూథర్ కింగ్‌తో. అది తప్పు కాదు. అమెరికాలో 1870 నాటి పదిహేనవ రాజ్యాంగ సవరణ జాతి, వర్ణ భేదాలను బట్టి ఓటు నిరాకరించరాదని చెప్పినప్పటికీ, దక్షిణాది రాష్ట్రాలు అక్షరాస్యతా పరీక్షలు, తలపన్ను వంటి అడ్డంకులు పెట్టి నల్లజాతివారిని పోలింగు కేంద్రాలకు దూరంగా ఉంచాయి. 1965 ఆగస్టు 6న ఓటుహక్కుల చట్టం వచ్చేవరకు ఆ పద్ధతికి గట్టి అడ్డుకట్ట పడలేదు. కానీ న్యాయనిర్ణేతలు ఈ సంగతిని ఇప్పటికి వందసార్లు చదివి ఉంటారు. మన దేశంలో, ఇంకా చెప్పాలంటే మన సరిహద్దు గ్రామాలలోనే, వ్రాయదగిన సామగ్రి దండిగా ఉంది.

రెండు మాటల మధ్య భేదం

పౌరహక్కు, ఓటుహక్కు ఒకటేనా? సామాన్యంగా ఒకటిగానే మాట్లాడుకుంటాము. న్యాయశాస్త్రం మాత్రం వాటిని వేరుగా చూస్తుంది. సమానత్వం (14వ అధికరణం), వివక్ష నిషేధం (15), అస్పృశ్యతా నిర్మూలన (17), భావప్రకటన మొదలైన స్వేచ్ఛలు (19), ప్రాణ, వ్యక్తిగత స్వేచ్ఛల రక్షణ (21) రాజ్యాంగం మూడవ భాగంలోని ప్రాథమిక హక్కులు. అవి భంగపడితే 32వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టవచ్చును. ఓటుహక్కు ఆ భాగంలో లేదు. అది పదిహేనవ భాగంలో, 326వ అధికరణంలో ఉన్నది. వయోజనులందరికీ ఓటు అన్న సూత్రం అక్కడిదే. మతం, జాతి, కులం, లింగం కారణంగా ఎవరినీ ఓటర్ల జాబితా నుండి మినహాయించరాదని దాని ముందున్న 325వ అధికరణం చెబుతుంది.

ఈ భేదాన్ని సుప్రీంకోర్టు తొలి సార్వత్రిక ఎన్నికల కాలంలోనే స్పష్టం చేసింది. ఆ వ్యాజ్యం నాటి మద్రాసు రాష్ట్రంలో సేలం జిల్లాకు చెందిన నామక్కల్ నియోజకవర్గం నుండి వచ్చింది. తన నామినేషన్‌ను తిరస్కరించడాన్ని ఎన్.పి. పొన్నుస్వామి సవాలు చేయగా, ఓటు వేయడం గానీ అభ్యర్థిగా నిలబడడం గానీ సహజమైన పౌరహక్కు కాదనీ, అది శాసనం కల్పించిన హక్కు మాత్రమేననీ 1952లో న్యాయస్థానం తీర్పు చెప్పింది. 2006లో కులదీప్ నయ్యర్ కేసులోనూ అదే వైఖరి కొనసాగింది. ఈలోగా మరొక పాయ బయలుదేరింది. అభ్యర్థుల నేరచరిత్ర, ఆస్తిపాస్తుల వివరాలు తెలుసుకోవడం భావప్రకటన స్వేచ్ఛలో భాగమని 2002లో తేలింది. ఓటుహక్కు శాసనం ఇచ్చినదే అయినా, ఓటును స్వేచ్ఛగా వినియోగించుకోవడం భావప్రకటనేనని 2003లో న్యాయస్థానం అన్నది. 2013 సెప్టెంబరు 27 నాటి తీర్పు ఫలితంగా ఓటింగు యంత్రంపై 'పైవారెవరూ కాదు' అన్న మీట వచ్చింది. జాబితాలో పేరు ఉండడానికి ఆధారం శాసనం. మీట నొక్కే చేతికి ఉన్న స్వేచ్ఛకు ఆధారం రాజ్యాంగం. ఈ ఒక్క సంగతిని స్వంత మాటలలో విడమరిచి వ్రాయగలిగిన విద్యార్థి వ్యాసం తక్కినవాటికన్నా ఒక మెట్టు పైన ఉంటుంది.

ఎవరికి ఓటు ఉండేది?

బ్రిటిషు పాలనలో ఓటు ఆస్తిని, పన్నును, చదువును బట్టి లభించేది. మద్రాసు శాసనమండలి 1921లో స్త్రీలకు ఓటుహక్కు కల్పిస్తూ తీర్మానించింది. బ్రిటిషు ఇండియా రాష్ట్రాలలో ఆ పని చేసిన మొదటిది అదే. అయితే ఆస్తి అర్హత స్త్రీలకూ తప్పలేదు. 1935 చట్టం ప్రకారం 1937లో జరిగిన రాష్ట్ర శాసనసభల ఎన్నికల నాటికి కూడా ఓటర్ల సంఖ్య సుమారు మూడు కోట్లు మాత్రమే. కౌలుదారుకు, కూలివానికి, ఊరి చివరి పేటలవారికి ఆ మూడు కోట్లలో చోటు దొరకడం అరుదు.

యానాం కథ వేరు. ఫ్రెంచి ఇండియాలో 1871 నుండే పురుషులు ఓటు వేసి పారిసులోని ప్రతినిధి సభకు సభ్యుని ఎన్నుకునేవారు. గోదావరి ఆవలి గట్టున బ్రిటిషు ప్రజలకు లేని అవకాశం యానాం మగవారికి ఉండేదన్నమాట. కానీ చాలాకాలం యూరోపియనులకు, భారతీయులకు వేర్వేరు ఓటర్ల జాబితాలు ఉండేవి. జనసంఖ్యలో గుప్పెడుమందికి ఎక్కువ బరువు దక్కేది. దొంగఓట్లు, బలప్రయోగం ఆ ఎన్నికలకు మాయని మచ్చ తెచ్చాయి. ఓటు ఉండడం వేరు, దానికి విలువ ఉండడం వేరు అని చెప్పదలచిన విద్యార్థికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు. యానాం 1954 జూన్‌లో ఫ్రెంచి పాలన నుండి బయటపడింది. ఫ్రెంచి స్థావరాల చట్టబద్ధమైన అప్పగింత 1962 ఆగస్టు 16న పూర్తయింది. నేడు పుదుచ్చేరి శాసనసభలో ఎన్నిక ద్వారా భర్తీ అయ్యే 30 స్థానాలలో యానాం ఒకటి.

1951-52 నాటి తొలి సార్వత్రిక ఎన్నికలలో సుమారు 17 కోట్ల 30 లక్షల మంది ఓటర్లు నమోదయ్యారు. 1951 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యులు నూటికి 18 మందే. అందుచేత ప్రతి అభ్యర్థికీ ఒక గుర్తును, ఆ గుర్తు అతికించిన ప్రత్యేకమైన పెట్టెను ఏర్పాటు చేశారు. అమెరికా దక్షిణాదిలో చదువురానితనాన్ని ఓటు తీసివేయడానికి సాకుగా వాడుతున్న కాలంలో, ఇక్కడ చదువురానివారికి అనువుగా ఎన్నికనే మలిచారు. ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ ఎదుర్కొన్న చిక్కు మరొకటి ఉంది. ఉత్తరాది రాష్ట్రాలలో అనేకమంది స్త్రీలు తమ పేరు చెప్పక 'ఫలానావాని భార్య', 'ఫలానావాని కూతురు' అని నమోదు చేయించుకున్నారు. స్వంత పేరు లేనిదే కుదరదని సంఘం పట్టుబట్టడంతో దాదాపు 28 లక్షల మంది స్త్రీలు జాబితాకెక్కలేదు. ఆ నిర్ణయం ఆనాడు కఠినంగా తోచినా, తరువాతి ఎన్నికలలో స్త్రీలు తమ పేర్లతోనే నమోదు కావడానికి అది దారితీసింది.

కనీస వయస్సు 21 నుండి 18కి తగ్గినది 61వ రాజ్యాంగ సవరణ వల్ల. అది 1989 మార్చి 28న అమలులోకి వచ్చింది.

మేలవళవు

భారతదేశంలో 'పౌరహక్కు' అన్న మాటకు ఒక ప్రత్యేకమైన శాసనార్థం కూడా ఉన్నదని చాలామందికి తెలియదు. అస్పృశ్యతా నేరాల గురించి 1955లో వచ్చిన చట్టాన్ని 1976లో సవరించి 'పౌరహక్కుల పరిరక్షణ చట్టం' అని పేరు మార్చారు. అస్పృశ్యత రద్దు కావడం వలన ఒక వ్యక్తికి సంక్రమించే హక్కులే అందులో పౌరహక్కులు: బావి, గుడి, సత్రం, రహదారి, దుకాణం. షెడ్యూల్డు కులాలు, తెగలవారిని ఓటు వేయకుండా గానీ, ఫలానావారికే వేయాలని గానీ బెదిరించడాన్ని 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం శిక్షార్హమైన నేరంగా ప్రకటించింది.

ఈ చట్టాలు ఎందుకు అవసరమయ్యాయో తమిళనాడులోని మదురై జిల్లా చెబుతుంది. 1996లో మేలవళవు పంచాయతీ అధ్యక్ష పదవిని షెడ్యూల్డు కులాలకు కేటాయించారు. బెదిరింపుల నడుమ ఎన్నిక జరిగి మురుగేశన్ అధ్యక్షుడయ్యారు. 1997 జూన్ 30న ఆయనను, మరి అయిదుగురిని నరికి చంపారు. అదే జిల్లాలోని పాపాపట్టి, కీరిపట్టి, నాట్టార్‌మంగళం పంచాయతీలలో దళితులకు కేటాయించిన పదవికి ఎన్నికలే సవ్యంగా జరగనివ్వలేదు. నామినేషన్ వేసేవారు ఉండేవారు కారు, గెలిచినవారు వెంటనే రాజీనామా చేసేవారు. పదేళ్ళ తరువాత 2006లో గానీ ఆ పదవులు నిలకడగా నిండలేదు. ఓటుహక్కుకు కాగితం మీద ఎక్కడా లోటు లేదు. బావి దగ్గర నిలబడలేనివాడు బ్యాలెట్ పెట్టె దగ్గరా నిలబడలేడు. పౌరహక్కుల గురించి వ్రాయకుండా ఓటుహక్కు గురించి వ్రాయడం కుదరదన్నది అందుకే.

రెండు కార్డుల ఊళ్ళు

సరిహద్దు పాఠకులకు ఇక చెప్పవలసిన విషయం ఇది. రాష్ట్రాల హద్దులు మార్చే అధికారం 3వ అధికరణం ప్రకారం పార్లమెంటుది. సంబంధిత రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడుగుతారు. ఆ ఊళ్ళవారి ఓటు అడగరు. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రానికి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు చేరడం, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం మద్రాసుకు, కొన్ని గ్రామాలు చిత్తూరు జిల్లాకు చేరడం అలా జరిగినవే. ఒకే ఇంటి అన్నదమ్ములు వేర్వేరు రాష్ట్రాల ఓటర్లయ్యారు.

హద్దు తేలని చోట్ల పరిస్థితి ఇంకా విచిత్రం. సాలూరుకు, కొరాపుట్‌కు మధ్య కొండలపై ఉన్న కొఠియా గ్రామాల వివాదాన్ని ఒడిశా 1968లోనే సుప్రీంకోర్టుకు తీసుకువెళ్ళింది. యథాతథ స్థితి కొనసాగాలని, హద్దుల ప్రశ్న పార్లమెంటు పరిధిలోనిదని 2006లో తేలింది. 2021 ఫిబ్రవరిలో అక్కడి మూడు గ్రామాలలో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలు జరపగా, ఒడిశా కోర్టు ధిక్కార పిటిషన్ వేసింది. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాకు, తెలంగాణలోని కెరమెరి మండలానికి మధ్య ఉన్న 14 గ్రామాలదీ దాదాపు ఇదే తీరు. ముకదంగూడ, పరందోలి వంటి ఊళ్ళలో ఇరు రాష్ట్రాల ఓటరు కార్డులు, రేషను కార్డులు ఉన్నవారు అనేకులు.

1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 17, 18 సెక్షన్ల ప్రకారం ఒకే వ్యక్తి రెండు నియోజకవర్గాలలో గానీ, ఒకే నియోజకవర్గంలో రెండుసార్లు గానీ నమోదు కారాదు. తప్పుడు ప్రకటన చేస్తే 31వ సెక్షన్ కింద ఒక సంవత్సరం వరకు జైలు, జరిమానా లేక రెండూ పడవచ్చును. ఆ గ్రామస్థులను దోషులుగా చూపడం మాత్రం సబబు కాదు. రోడ్డు ఒక ప్రభుత్వం వేస్తుంది, బియ్యం మరొక ప్రభుత్వం ఇస్తుంది, భూమికి పట్టా ఏదీ ఇవ్వదు. అటువంటి చోట రెండవ కార్డు వారికి దురాశ కాదు, భయానికి మందు. ఈ చిక్కుముడిని విప్పవలసినవారు ప్రభుత్వాలలో ఉన్నారు.

పేరు, ఊరు, భాష

హద్దు తేలిన గ్రామాలలో వచ్చే ఇబ్బందులు చిన్నవిగా కనిపిస్తాయి గాని ఓటు పోవడానికి చాలును. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం, ప, బ లకు ఒకే అక్షరం. గోపయ్య కోపయ్య అవుతాడు, బాలమ్మ పాలమ్మ అవుతుంది. దానిని చూచి ఆంగ్లంలోకి ఎక్కించినప్పుడు మరొక రూపం వస్తుంది. తమిళనాడులో తండ్రి పేరు మొదటి అక్షరమే వాడుక కనుక ఇంటిపేరు రాలిపోతుంది. మరాఠీ పద్ధతిలో అదే ఇంటిపేరు చివరికి పోతుంది. బడి ధ్రువపత్రంలో ఒక పేరు, ఆధార్‌లో ఒకటి, ఓటర్ల జాబితాలో ఇంకొకటి. 2025 నవంబరు 4న తమిళనాడు, పుదుచ్చేరి సహా 12 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలలో ప్రత్యేక సమగ్ర సవరణ మొదలైనప్పుడు సుమారు రెండు దశాబ్దాల నాటి జాబితాలో తమ పేరో, తల్లిదండ్రుల పేరో చూపవలసి వచ్చింది. ఇంటిపేరు రాలిపోయిన కుటుంబాలకు ఇటువంటి వెదుకులాట ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

పొలం ఒక రాష్ట్రంలో, ఇల్లు మరొక రాష్ట్రంలో ఉన్నవారు గమనించవలసినది: ఓటు సామాన్య నివాసాన్ని బట్టి వస్తుంది. ఒకచోట ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి కాజాలరని 20వ సెక్షన్ చెబుతుంది. అలాగే కూలికో, చదువుకో తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన సొంత ఊరి ఓటు పోదు.

కొత్తగా నమోదుకు ఫారం 6, తొలగింపునకు లేక అభ్యంతరానికి ఫారం 7, పేరు దిద్దుబాటుకు, నివాస మార్పునకు ఫారం 8. 2022 నుండి సంవత్సరానికి నాలుగు అర్హత తేదీలు ఉన్నాయి: జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల ఒకటవ తేదీలు. 17 ఏళ్ళు నిండిన విద్యార్థి ముందుగానే దరఖాస్తు చేసుకోవచ్చును. 18 నిండిన పిమ్మట పేరు చేరుతుంది. సందేహాలకు 1950 నంబరుకు ఫోను చేయవచ్చును.

నియోజకవర్గంలో ఒక భాషా అల్పసంఖ్యాక వర్గం నూటికి 20 మందికి తక్కువ కానిచోట ఆ భాషలో కూడా ఓటర్ల జాబితా ప్రచురించడం ఎన్నికల సంఘం పద్ధతి. యానాంలో జాబితా తెలుగులోనే ఉంటుంది. మీ ప్రాంతంలో తెలుగువారు ఆ మేరకు ఉండీ తెలుగు జాబితా రాకపోతే జిల్లా ఎన్నికల అధికారిని అడగవచ్చును, అదీ తెలుగులోనే. తన కష్టం తొలగించమని కోరుతూ ఏ అధికారికైనా దేశంలోనో, ఆ రాష్ట్రంలోనో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకునే హక్కును 350వ అధికరణం ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. ఇది పోటీ వ్యాసాలలో దాదాపు ఎవరూ వ్రాయని పౌరహక్కు.

వ్యాసానికి సామగ్రి కావలసిన విద్యార్థి తన ఊరి పోలింగు కేంద్రపు జాబితాను తెచ్చుకొని, ఇంటిల్లిపాది పేర్లు ఎలా పడ్డాయో చూడవలెను. అమ్మమ్మ మొదటి ఓటు ఏ సంవత్సరంలో, ఏ రాష్ట్రంలో వేసిందో అడిగి వ్రాసుకోవలెను. ఆ వెదుకులాటలో ఎవరి పేరైనా గల్లంతయినట్లు తేలితే వెంటనే ఫారం 6 ఇవ్వవచ్చును. నమోదు అధికారి ఉత్తర్వు ప్రతికూలంగా వస్తే 15 రోజులలోపు జిల్లా మేజిస్ట్రేటుకు, అక్కడ కూడా కాకపోతే 30 రోజులలోపు రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చును.