క్లీవ్‌లండ్‌లో ఇళ్ళ వేలం

ఇళ్ళ ధరలెందుకు పడిపోతాయి? గిరాకీ తగ్గి, అంటారు పండితులు. క్లీవ్‌లండ్ చరిత్ర వేరొకటి చెబుతుంది.

అమెరికాలోని ఆ నగరంలో స్లావిక్ విలేజ్ పోలిష్, చెక్ కార్మికులు కట్టుకున్న పేట. మిల్లులు మూతబడ్డాక అక్కడికి అప్పులవాళ్ళు వచ్చారు: మొదట తక్కువ వడ్డీ, రెండేళ్ళకు పెరిగే వడ్డీ. ఆ పత్రాలను బ్యాంకులు కట్టలు కట్టి అమ్ముకున్నాయి. 2007లో దేశంలోకెల్లా ఎక్కువ జప్తు దావాలు పడిన చోట్లలో ఈ పేట ఒకటి. ఒక ఇల్లు పాడుపడితే, బాకీలేని పొరుగింటి విలువా పడిపోయింది.

2008 జనవరిలో నగరం 21 బ్యాంకులపై దావా వేసింది. ఈ నష్టానికీ బ్యాంకులకూ సంబంధం దూరమని 2009లో కోర్టు కొట్టివేసింది. ఇల్లు జప్తుచేసేటప్పుడు అడ్డురాని దూరం, జవాబడిగేసరికి అడ్డువచ్చింది! అంతకుముందే, 2008 అక్టోబరులో, బ్యాంకులను ఆదుకొనడానికి 70,000 కోట్ల డాలర్లతో చట్టం చేశారు. ధరలను పడగొట్టిందెవరో, నష్టం మోసిందెవరో ఇక వేరే చెప్పాలా?