పది కంప్యూటర్లు, ఒక ప్రింటర్, మన తెలుగు అక్షరం



"తెలుగులో ప్రింట్ సరిగ్గా రాదండీ, తమిళంలోనో ఇంగ్లీషులోనో వేసేద్దాం." మన సంఘాల కమిటీ మీటింగుల్లో ఈ మాట వినని సభ్యులు ఉండరు. ఒక కాలంలో ఇది నిజమే. ఇప్పుడు కాదు. ఎలా మారిందో తెలియాలంటే ఆఫీసులో అందరూ కలిసి వాడే ప్రింటర్ చరిత్ర కొంచెం తెలుసుకోవాలి. రైల్వేలో గుమాస్తాగా ఏండ్ల తరబడి ఈ యంత్రాల పక్కనే కూర్చున్నవాణ్ణి కనుక రాస్తున్నాను.

పదిమంది వాడే ప్రింటర్ దగ్గర మొదటినుంచీ రెండు ప్రశ్నలే. ఎవరి కాగితం ముందు? ఎవరి అక్షరం పడుతుంది?

1959లో ఐబీఎం కంపెనీ 1403 అనే ప్రింటర్ తెచ్చింది. నిమిషానికి 600 వరుసలు కొట్టేది. అక్షరాలు గొలుసు మీద ఉండి గిరగిరా తిరిగేవి. మామూలు గొలుసులో 48 గుర్తులు: ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, అంకెలు, కొన్ని చిహ్నాలు. గొలుసు మీద లేని అక్షరం కాగితం మీద పడదు. తెలుగు మాట అటుంచండి, ఇంగ్లీషు చిన్న అక్షరాలకే అందులో చోటు లేదు.

అంత వేగంగా కొట్టినా కంప్యూటర్ ముందు అది నత్తనడకే. అందుకని పనులన్నీ ముందు టేపు మీదో డిస్కు మీదో రాసిపెట్టి, ఒకదాని తరువాత ఒకటి ప్రింటర్‌కు పంపే పద్ధతి వచ్చింది. దీన్నే స్పూలింగ్ అంటారు. మన రైల్వేవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. సింగిల్ లైన్ సెక్షన్‌లో టోకెన్ చేతికొచ్చిన బండి మాత్రమే కదులుతుంది, మిగిలినవి స్టేషన్‌లో ఆగుతాయి. స్పూలర్ ఆ స్టేషన్ మాస్టర్ లాంటిది.

1971లో అమెరికాలోని జెరాక్స్ పరిశోధన కేంద్రంలో గ్యారీ స్టార్క్‌వెదర్ లేజర్ ప్రింటర్ తయారుచేశాడు. అది చాలా ఖరీదైన యంత్రం, మనిషికొకటి ఇవ్వలేరు. అక్కడి కంప్యూటర్లన్నిటినీ ఆ ఒక్క ప్రింటర్‌కు కలపాలన్న అవసరం కూడా 1973లో ఈథర్‌నెట్ పుట్టడానికి ఒక కారణం. ఈనాడు మన ఆఫీసుల్లో గోడ వెంట పోయే నెట్‌వర్క్ తీగ కథలో ప్రింటర్‌కూ వాటా ఉందన్నమాట.

1980 ప్రాంతంలో ఎంఐటీలో ఇంకో ముచ్చట జరిగింది. ప్రింటర్ ఒక అంతస్తులో, మనుషులు వేరే అంతస్తుల్లో. కాగితం ఇరుక్కుంటే ఎవరికీ తెలిసేది కాదు. రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ పాత ప్రింటర్ ప్రోగ్రామును మార్చి, కాగితం ఇరుక్కోగానే వరుసలో ఉన్నవాళ్లందరికీ కబురు వెళ్లేలా చేశాడు. కొత్త లేజర్ ప్రింటర్ వచ్చినప్పుడు దాని మూల ప్రోగ్రాము ఇవ్వలేదు, కనుక ఆ సౌకర్యం పెట్టలేకపోయాడు. 1983లో ఆయన మొదలుపెట్టిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి ఈ కోపమూ ఒక విత్తనం.

మన అక్షరానికి అసలు మలుపు 1985. ఆపిల్ కంపెనీ లేజర్‌రైటర్ ధర 6,995 డాలర్లు. ఒక్కరు కొనలేరు కాబట్టి నెట్‌వర్క్ మీద పలువురు వాడుకునేలా చేశారు. అందులో అడోబ్ వారి పోస్ట్‌స్క్రిప్ట్ భాష ఉంది. అది పేజీ మొత్తాన్ని గీతలు, వంపులుగా వివరించి గీయిస్తుంది. గీయగలిగినప్పుడు 'అ' అయినా 'క్ష' అయినా యంత్రానికి ఒకటే. 1991 నాటికి హెచ్‌పీ ప్రింటర్లకు నెట్‌వర్క్ కార్డు కూడా వచ్చి, అవి ఏ కంప్యూటర్ మీదా ఆధారపడకుండా సొంతంగా తీగకు తగులుకున్నాయి.

మన ఆఫీసుల్లో మాత్రం చాలా ఏండ్లు డాట్ మ్యాట్రిక్స్‌దే రాజ్యం. దాని కడుపులో ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలే. తెలుగు కావాలంటే బొమ్మలాగా చుక్కచుక్కగా పంపాలి, అది నిదానం. సీడాక్ వారి జిస్ట్ కార్డు ఆ రోజుల్లో భారతీయ భాషలకు పెద్ద ఊతం. తరువాత వచ్చిన పాత తెలుగు ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే పిచ్చిగీతలు. "తెలుగు రాదండీ" అన్న మాట అక్కడే పుట్టింది.

1991లో యూనికోడ్ మొదటి సంచికలోనే తెలుగుకు సొంత స్థానం దొరికింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటే గౌతమి ఫాంటు వచ్చింది. ఇక పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంటును ఫైలులోనే ఇమిడ్చి పంపితే, అవతలి కంప్యూటర్‌లో తెలుగు ఉన్నా లేకున్నా అచ్చు చక్కగా వస్తుంది. రెండో ప్రశ్న అలా తీరింది.

మొదటి ప్రశ్న, వరుస, ఇప్పటికీ మనుషుల చేతిలోనే ఉంది. నేను చూసిన చాలాచోట్ల ప్రతి కంప్యూటరూ ప్రింటర్‌కు నేరుగా పంపుతుంది. పది కంప్యూటర్లు, పది వరుసలు. ఎవరి పని ఎక్కడ ఆగిందో ఎవరికీ కనబడదు. ఒకరు నాలుగుసార్లు నొక్కుతారు, చివరికి నాలుగు కాపీలూ వస్తాయి. 2021లో విండోస్ స్పూలర్‌లో పెద్ద భద్రతా లోపం బయటపడ్డాక, ప్రింటర్ డ్రైవర్ ఎక్కించే అధికారాన్ని మైక్రోసాఫ్ట్ అడ్మినిస్ట్రేటర్‌కే పరిమితం చేసింది. వరుసకు ఒక బాధ్యుడు ఉండాలని దానివల్ల తేలింది.

కార్యదర్శులకు నా మనవి ఇది. ఒక కంప్యూటర్‌ను ప్రింట్ సర్వర్‌గా పెట్టి, అందరి పనులూ దాని గుండానే పోనివ్వండి. ప్రింటర్‌కు రౌటర్‌లో మారని ఐపీ అడ్రసు కట్టేయండి. అడ్రసు మారిపోవడం వల్లే చాలాసార్లు "ఆఫ్‌లైన్" అని చూపిస్తుంది. మోడల్ నంబరు కాకుండా "మేడమీది గది" అని పేరు పెట్టండి. తెలుగు కాగితం ఏదైనా యూనికోడ్‌లో టైపు చేసి, పీడీఎఫ్‌గా పంపండి. ఇందులో దేనికీ పెద్ద ఖర్చు లేదు.

ఇంత చిన్న సంగతికి ఇంత దూరం ఎందుకంటారా? 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత ఇక్కడి బడుల్లో తమిళం తప్పనిసరి. తమిళ మీడియంలో చదివినవాణ్ణి, తమిళం మీద నాకు ప్రేమే. అయితే మన పిల్లల్లో చాలామందికి తెలుగు అక్షరం కంటబడే చోట్లు తగ్గిపోయాయి. ఉగాది ఆహ్వానం, పెండ్లి పత్రిక, సంఘం రసీదు: మిగిలినవి ఇవే. వీటిని కూడా ప్రింటర్ సాకుతో వదిలేస్తే, ఆ అక్షరాలను మన ఇండ్లలోంచి మనమే పంపించినట్టవుతుంది. వచ్చే సర్క్యులర్ నుంచైనా తెలుగులో వేయండి. ప్రింటర్ అడ్డం చెప్పదు.